నర్మద ఒడ్డున నలుపు

"ఏ రజా? రజా మొబైల్సా, రజా టైలరా?" అన్నాడు ఆటో అబ్బాయి.

"బొమ్మలు వేసే రజా. ఖబరస్తాన్‌లో ఉంటాడు."

"ఓహో, పెయింటర్ సాబ్!" అని నవ్వి ఆటో వెనక్కి తిప్పాడు.

మధ్యప్రదేశ్‌లో మండ్ల అనే ఊరది. సికింద్రాబాద్‌లో దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారకముందే జబల్‌పూర్‌లో దింపేసింది. అక్కణ్ణుంచి బస్సులో దాదాపు 100 కిలోమీటర్లు. ఇంట్లో మాత్రం నర్మదా స్నానానికని చెప్పాను. సమాధి చూడ్డానికి సెలవు పెడుతున్నానంటే అమ్మ ఊరుకోదు. 2024 మేలో నర్మద పుష్కరాలకు మోకాళ్ళ నొప్పులతో తను వెళ్ళలేకపోయింది. అందుకని ఖాళీ సీసా ఒకటి నా బ్యాగులో పెట్టి, నీళ్ళు మర్చిపోకు అంది.

నేను బ్యాంకు ఉద్యోగిని. ఆదివారాలు వాటర్ కలర్స్‌తో చెరువులూ తాటిచెట్లూ వేస్తుంటాను. చాలా ఏళ్ళ కిందట ఢిల్లీలో సయ్యద్ హైదర్ రజా బొమ్మ ఒకటి చూశాను. అందులో చెట్టు లేదు, ఏరు లేదు. ఎరుపు, కాషాయం, వాటి మధ్య ముద్దలా నలుపు. అయినా అది అడవే అని ఎందుకో తెలిసిపోయింది. ఎలా తెలిసిందన్నదే నన్ను ఇన్నాళ్ళూ తొలిచింది.

ఖబరస్తాన్‌లో ఆర్భాటమేమీ లేదు. తండ్రి పక్కనే కొడుకు. తండ్రి ఈ జిల్లా అడవుల్లో డిప్యూటీ రేంజరు. 1922లో పుట్టిన రజా బాల్యమంతా ఆ అటవీ గ్రామాల్లోనే గడిచింది. 2016 జూలై 23న ఢిల్లీలో పోతే, నాన్న పక్కనే పడుకోబెట్టమన్న కోరిక ప్రకారం ఇక్కడికి తీసుకొచ్చారు. ఆ మధ్యలో 60 ఏళ్ళు ఫ్రాన్స్. దేశ విభజన తర్వాత అన్నదమ్ములు పాకిస్తాన్ వెళ్ళిపోయినా ఈయన వెళ్ళలేదు. ఫ్రాన్స్‌లో అంతకాలం ఉన్నా పాస్‌పోర్టు మాత్రం మార్చుకోలేదు.

సాయంత్రం ఘాట్ మెట్ల మీద కూర్చున్నాను. మండ్లను నర్మద మూడు వైపులా చుట్టి పారుతుంది. చిన్నప్పుడు స్నానం చేయిస్తూ అమ్మ "గంగే చ యమునే చైవ" అని చెంబుతో నీళ్ళు పోసేది. ఆ శ్లోకంలో పేరుగా విన్న నది నా కాళ్ళ దగ్గర నిమ్మళంగా కదులుతోంది. ఊరికి కాస్త దూరంలో సహస్రధార దగ్గర మాత్రం దాని తీరే వేరు. నల్లరాళ్ళ మధ్య ఇరుక్కుని, పాయలు పాయలుగా చీలి, తెల్లగా ఉరుకుతుంది. కాగితం తీసి వేయబోయాను. నీళ్ళు వచ్చాయి గానీ ఆ రాతి నలుపు రాలేదు. నా పెట్టెలోని నలుపు బూడిదరంగులా తేలిపోయింది.

రజా కూడా మొదట ఊళ్ళనీ వీధులనీ వాటర్ కలర్స్‌లోనే వేశాడు. నాగపూర్‌లో చదివి, బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్లో చేరి, 1947లో సూజా, హుస్సేన్, ఆరా లాంటి చిత్రకారులతో కలిసి ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్ పెట్టాడు. 1948లో కశ్మీర్ వెళ్ళినప్పుడు ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ హెన్రీ కార్టియే బ్రెసాఁ ఆ బొమ్మలు చూసి, రంగు బాగుంది, బొమ్మకి నిర్మాణం లేదు, ఫ్రెంచి చిత్రకారుడు సెజాన్‌ని చూడు అన్నాడట. 1950లో పారిస్ వెళ్ళాడు. మనుషుల్లేని ఇళ్ళు, నల్ల సూర్యుడు వేశాడు. 1956లో అక్కడి విమర్శకుల బహుమతి వచ్చింది. ఫ్రెంచివాడు కానివాడికి అది రావడం అదే మొదటిసారి. ఆ తర్వాత ఇళ్ళు కరిగిపోయాయి, గీతలు పోయాయి, రంగు ఒక్కటే మిగిలింది. 1970ల్లో ఆ రంగుల్లోంచి అడవి బయటికొచ్చింది. ఆ పదేళ్ళ బొమ్మలే నాకిష్టం. 1983లో వేసిన 'సౌరాష్ట్ర' 2010లో వేలంలో 16 కోట్ల రూపాయలకు పైగా పలికినప్పుడు పేపర్లన్నీ డబ్బు గురించే రాశాయి. ఆ అడవుల తర్వాత వచ్చిన బిందువులు, అంటే గుండ్రటి పెద్ద చుక్కలు, త్రికోణాలు అందరికీ తెలుసు. నిజం చెప్పాలంటే చివరి రోజుల బిందువులు నాకంతగా ఎక్కవు, మరీ పొందికగా ఉంటాయి. బిందువనగానే తంత్రం, ఉపనిషత్తులు అంటారు. ఉండొచ్చు. బళ్ళో మనసు నిలవని పిల్లాడికి నంద్‌లాల్ ఝారియా అనే మాస్టారు గోడ మీద చుక్క పెట్టి, దీన్నే చూస్తూ కూర్చో అన్నాడు. రజా జీవితాంతం చెప్పుకున్న కథ అది.

రెండో రోజు కాన్హా అడవి వైపు వెళ్ళి, తిరిగి వస్తుంటే చీకటి పడ్డాక బస్సు టైరు పంక్చరైంది. స్టెప్నీ ఉంది, జాకీ సరిగా పనిచేయడం లేదు. డ్రైవర్ ఇంజిన్, లైట్లు ఆపేశాడు.

నేను అలాంటి చీకటి చూడలేదు. రోడ్డుకి రెండు పక్కలా సాల చెట్లు. కాసేపటికి చెట్లూ లేవు, రోడ్డూ లేదు, నా చెయ్యి కూడా లేదు. ఏదో ఎండుటాకు మీద నడిచింది. పక్కనున్న ముసలాయన గోండీలో ఏదో గొణుక్కున్నాడు. ఆదిలాబాద్‌లో పనిచేసినప్పుడు విన్న భాషే, అయినా నాకు అర్థం కాలేదు. కండక్టర్ మొబైల్ టార్చి వేసి చక్రం పక్కన పెట్టాడు. ఎవరూ పిలవకుండానే అందరం వచ్చి ఆ వెలుగు చుట్టూ నిలబడ్డాం. పిల్లల తల్లి ఒకామె మరీ ముందుకొచ్చి జాకీ మీద పడబోయింది.

అడవి రాత్రులంటే చిన్నప్పుడు వణికిపోయేవాణ్ణని రజా చెప్పుకునేవాడు. గోండుల ఆటపాటలున్న రాత్రి మాత్రం కాస్త ధైర్యంగా ఉండేదట. తెల్లారితే గానీ ప్రాణం కుదుటపడేది కాదు. ఆ మాట చదివినప్పుడు బాగుందనుకుని పేజీ తిప్పేశాను. ఇప్పుడు మాత్రం, తత్వం సంగతి పెద్దవాళ్ళు చూసుకుంటారు గానీ, ఆ నలుపు మాత్రం ఈ రోడ్డుదే అనిపించింది.

ముక్కాలు గంటకు బస్సు కదిలింది. లైట్లు పడగానే అందరూ ఒకేసారి గట్టిగా మాట్లాడుకున్నారు.

పొద్దున బయల్దేరే ముందు ఘాట్‌కి వెళ్ళి సీసా నింపాను. ఇంటికొచ్చాక అమ్మ దాన్ని కిటికీ వెలుగులో పట్టి చూసి, "అడుగున నల్లగా ఏమిట్రా?" అంది.

"ఇసుకమ్మా."

వడగట్టనా అని అడిగితే వద్దంది. అలాగే దేవుడి దగ్గర పెట్టింది.