మూత తీశాకే డబ్బు తీయండి

పాత జేబు గడియారం కోసం చేతిలో పది వేలు పెట్టుకుంటే, వాచీకి ఏడు వేలు దాటనివ్వకండి. మిగతాది సర్వీసుకు. ఏళ్ల తరబడి బీరువాలో పడున్న వాచీ మిషన్‌లో, అంటే లోపలి యంత్రంలో, నూనె ఎండి బంకగా మారి ఉంటుంది. "బాగానే నడుస్తోంది సార్" అన్నారని అలాగే వాడితే ఇరుసుల కొనలు అరిగిపోతాయి.

డయల్ మార్చడం తేలిక, కేసు (పై డబ్బా) మార్చడం ఇంకా తేలిక. కాబట్టి వాచీ అసలు విలువ మిషన్‌దే, బేరం కూడా దాన్ని చూశాకే. మెరిసే ఇత్తడి మూత మీద "విక్టోరియా, లండన్" అనో, "రోలెక్స్ 1890" అనో చెక్కి ఉంటే చేతిలోకి కూడా తీసుకోవద్దు. రోలెక్స్ అనే పేరు నమోదైందే 1908లో.

మన తిరుపతి ప్రాంతం ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోది. ఇక్కడి ఇళ్లలో బయటపడే వాచీల మీద మద్రాసు మౌంట్ రోడ్డు పి. ఓర్ అండ్ సన్స్ పేరు కనబడితే ఆశ్చర్యం లేదు. అది అమ్మిన దుకాణం పేరు. మిషన్ ఎవరు చేశారో లోపలే తెలుస్తుంది. రేణిగుంట, పాకాల లాంటి జంక్షన్లలో "మా తాత గార్డు, ఇది రైల్వే వాచీ" అనే మాట కూడా వినబడుతుంది. నిజమే కావచ్చు. కానీ డయల్ మీద రైలింజను బొమ్మ దానికి రుజువు కాదు. అలాంటి వాటిలో చాలావరకు రాస్కాఫ్ రకం మిషన్లుంటాయి. సామాన్యుడికి అందే ధరలో వాచీ ఉండాలని 1867లో జార్జ్ ఫ్రెడెరిక్ రాస్కాఫ్ తెచ్చిన పద్ధతి అది. అరుగుదల తగ్గించే చిన్న రాళ్లకు (జువెల్స్‌కు) బదులు ఉక్కు పిన్నులు ఉంటాయి, టిక్కు శబ్దం పెద్దగా వస్తుంది, అరుగుదల ఎక్కువ. ఇష్టమైతే కొనండి, రాస్కాఫ్ ధరకే కొనండి.

ఈ బడ్జెట్లో నా ఓటు ఏడు లేదా పదిహేను జువెల్స్ ఉన్న అమెరికా వాచీలు ఎల్జిన్, వాల్తమ్‌లకే. మిషన్ మీది సీరియల్ నంబరు ఆన్‌లైన్‌లో వెతికితే తయారైన ఏడు, గ్రేడు, జువెల్స్ తెలిసిపోతాయి. కేసు మీది నంబరు వేరే, దాన్ని వెతికి ప్రయోజనం లేదు. అప్పట్లో అమెరికాలో మిషన్ ఒకరిది, కేసు ఒకరిది కొని దుకాణంలోనే బిగించేవారు. లక్షల్లో తయారైనవి కాబట్టి విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి. రెండో ఎంపిక రష్యన్ మోల్నియా 3602, 18 జువెల్స్. ఇది 1947 తర్వాతిది. దీనికే కొత్త డయల్ వేసి పాత స్విస్ వాచీగా అమ్ముతుంటారు. మూత తీస్తే రష్యన్ అక్షరాలు కనబడతాయి.

మూత తీయడం వాచ్ రిపేరర్‌కే వదిలేయండి, మీరు భూతద్దం పట్టుకోండి. స్క్రూల గాడులు చెదిరి ఉంటే చేతకాని చేయి పడిందన్నమాట. హెయిర్ స్ప్రింగ్ (బ్యాలెన్స్ చక్రాన్ని ఊపే సన్నటి చుట్ట) మీద తుప్పు చుక్క కనబడితే అక్కడితో ఆపేయండి. తర్వాత వాచీని వెల్లకిలా, బోర్లా, నిలబెట్టి ఒక్కో నిమిషం చూడండి. ఒక భంగిమలోనే ఆగిపోతున్నా, అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం ఒరిగి దాని పైనున్న వంతెనలాంటి పలకకు రాసుకుంటున్నా, ఆ చక్రం ఇరుసు, అంటే బ్యాలెన్స్ స్టాఫ్, కొన విరిగి ఉండొచ్చు. ఇది ఖరీదైన పని. స్టాఫ్ దొరకకపోతే లేత్ మీద కొత్తది చేయించాలి, ఆ పని తెలిసినవాళ్లు తక్కువ.

కీ ఇచ్చే గుండీ ఎంత తిప్పినా ఆగకుండా తిరుగుతుంటే, వాచీని నడిపే మెయిన్ స్ప్రింగ్ తెగి ఉంటుంది. దీనికి భయపడక్కర్లేదు. వెడల్పు, మందం, పొడవు కొలిచి కొత్తది వేస్తారు. గుండీ బిగిసిపోయి వాచీ నడవకపోతే "కీ ఎక్కువైంది, అంతే" అంటారు. అలాంటి జబ్బే లేదు. స్ప్రింగ్ నిండా చుట్టుకున్నా నడవడం లేదంటే చక్రాలు జిడ్డుకు పట్టేశాయి, లేదా ఏదో విరిగింది. ధర దాన్నిబట్టే కట్టాలి.

ఎనామెల్ డయల్ మీద వెంట్రుకలాంటి పగుళ్లుంటే నడకకు నష్టం లేదు, బేరానికి లాభం. వెండి కేసు అంటే గాంధీ రోడ్డులో ఏదైనా నగల దుకాణంలో క్యారెట్ మీటరు మీద పెట్టించండి, గీటురాయి మీద గీయనివ్వద్దు. కేసులో "20 ఏళ్ల గ్యారంటీ" అని ఇంగ్లీషులో ఉంటే అది బంగారు పొర మాత్రమే.

టీటీడీ హుండీ వాచీల వేలం మీద ఆశ పెట్టుకోకండి. అవి లాట్లుగా పోతాయి, ప్రకటనల్లో కనబడేవి టైటన్, క్యాసియో, టైమెక్స్ లాంటి చేతి గడియారాలు.

సర్వీసుకిచ్చేటప్పుడు "పూర్తిగా విప్పి కడుగుతారా?" అని అడగండి. విప్పకుండా పెట్రోల్‌లో ముంచి తీస్తే మురికి రంధ్రాల్లోకే చేరుతుంది. కుట్టుమిషన్ నూనె అసలు వేయనివ్వకండి, అది పాకిపోతుంది.

ఇంటికొచ్చాక రోజూ పొద్దున ఒకే వేళకు కీ ఇచ్చి, వారం పాటు తేడా రాసుకోండి. రిపేరర్‌తో మూత తీయించి, లోపల F (ఫాస్ట్), S (స్లో) అక్షరాల మధ్య ఉన్న మీటను వెంట్రుకవాసి జరిపిస్తే చాలు. స్విస్ వాటిలో A అక్షరం వైపు జరిపితే వేగం, R వైపు జరిపితే నెమ్మది. ఉన్నట్టుండి రోజుకు పది నిమిషాలు ముందుకు పోతుంటే మీట ముట్టుకోకండి. స్పీకర్ పక్కన పెట్టిన వాచీకి అయస్కాంతం పట్టి, హెయిర్ స్ప్రింగ్ చుట్లు అతుక్కుని ఉండొచ్చు. డీమాగ్నెటైజర్ ఉన్న రిపేరర్ మూత కూడా తీయకుండా నిమిషంలో పోగొడతాడు.