మా టైగర్‌కి రంగు వేసిన పని

కోనసీమలో మా అమ్మ పుట్టింటి సావిట్లో ఒక పెద్ద ఫ్రేము ఉంది. నల్ల కాగితం మీద ఇంటిల్లిపాది ఫొటోలూ అంటించి అద్దం బిగించిన రకం, పాత ఇళ్లలో చాలామంది చూసే ఉంటారు. అందులో కింది మూలన ఆరు సెంటీమీటర్ల చదరపు ఫొటో ఒకటి. ఎనిమిదేళ్ల మా అమ్మ, పక్కన అరుగు మెట్టు మీద టైగర్. పేరుకి టైగరే గానీ ఊరకుక్క. 1976 సంక్రాంతికి మా పెద్దమామయ్య ఆగ్ఫా క్లిక్ త్రీతో తీశాడట. రోలుకి 12 ఫొటోలు వచ్చే డబ్బా కెమెరా అది. షట్టర్ వేగం తక్కువ కాబట్టి ఊపుతున్న తోక పొగలా చెదిరిపోయింది.

పాత ఇల్లు పడగొట్టేలోపు దీన్ని బాగుచేసి రంగులు వేసి ఇవ్వమన్నాడు మామయ్య. ఫొటోల పని కొంత వచ్చు కాబట్టి సరేనన్నాను.

మొదటి చిక్కు అద్దంతోనే. గోడ చెమ్మకి ఫొటో దానికి అతుక్కుపోయింది. ఫొటో పైపొర జెలటిన్. చెమ్మకి మెత్తబడి, ఆరేటప్పుడు అద్దాన్ని పట్టేస్తుంది. తెలిసిన స్టూడియో ఆయన నీళ్లలో నానబెట్టి లాగేద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. లాగితే బొమ్మ అద్దం మీద ఉండిపోయి కాగితం చేతికొచ్చే ప్రమాదం ఉంది. నెగెటివ్ ఎప్పుడో పోయింది, ఉన్నది ఈ ఒక్క కాపీ.

అద్దంతో సహా కాపీ తీయడానికి ఇంట్లో ప్రింటరుతో వచ్చిన స్కానర్ పనికిరాలేదు. అలాంటి వాటిలో ఎక్కువగా సీఐఎస్ అనే రకం సెన్సర్ (వెలుగుని పట్టే భాగం) ఉంటుంది. గాజుకి ఆనుకుని ఉన్నదే దానికి స్పష్టంగా కనిపిస్తుంది, మధ్యలో ఫ్రేము అద్దం మందం వచ్చేసరికి అంతా మసక. సీసీడీ అనే ఇంకో రకం సెన్సర్ ఉన్న స్కానర్లు ఈ విషయంలో నయం. నా దగ్గర అది లేదు కాబట్టి కెమెరానే స్టాండుకి బిగించి, కిటికీ వెలుగు పక్క నుంచి వాలుగా పడేలా ఫ్రేమును పెట్టాను. నల్ల అట్టకి కంత చేసి లెన్సుకి తొడిగాను. అది లేకపోతే అద్దంలో కెమెరా, దాని వెనక నా మొహం పడతాయి. కెమెరా పట్టిన వివరమంతా ఉండే రా ఫైలుగా తీసి, పని చేసే కాపీని వివరం పోని టిఫ్‌ ఫైలుగా దాచాను. జేపెగ్ అయితే మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది.

బూజు చుక్కలు తీయడానికి ఎక్కువ టైం పట్టింది. గోడ మీదో లంగా మీదో ఉన్న చుక్క ఫొటో ఎడిటర్‌లోని హీలింగ్ బ్రష్‌తో ఒక్క నొక్కుకి పోతుంది. బొచ్చు మీద అలా కాదు. బ్రష్ చుట్టుపక్కల తీసుకుని కలిపేస్తే అక్కడ వెంట్రుకలు పోయి నున్నటి మచ్చ మిగులుతుంది. వెంట్రుకలు ఏ వైపు వాలి ఉన్నాయో చూసుకుని, అదే వాలు ఉన్న చోటు నుంచి క్లోన్ టూల్‌తో తెచ్చి అతకాలి. మూతి దగ్గర మీసాలైతే గీతలనుకుని చెరిపేయడం చాలా తేలిక. గీతలు తీసే ఆటోమేటిక్ ఫిల్టర్ సరిగ్గా అదే చేసింది. పైగా వీపు మీది నల్లటి భాగాన్ని మరక అనుకుని లేతగా మార్చేసింది. తోకని మాత్రం ముట్టుకోలేదు. ఆ చెదురు ఫొటో పాడవడం వల్ల వచ్చింది కాదు, కుక్క సంతోషం వల్ల వచ్చింది.

ఇప్పుడు అందరూ అడిగేది ఏఐ సంగతి. పాత ఫొటోల్లో మొహాలు తేటగా చేసే జీఎఫ్‌పీగ్యాన్ లాంటివి మనుషుల మొహాలతో నేర్చుకున్నవి. అమ్మ మొహాన్ని సినిమా పోస్టర్‌లా నున్నగా చేసింది, టైగర్‌ని అసలు పట్టించుకోలేదు. బొమ్మని కొత్తగా గీసే ఇంకో టూల్ మూతి పొట్టి చేసి, చిరిగిన ఎడమ చెవిని కుట్టేసి, వేరే ఎవరి కుక్కనో తెచ్చి కూర్చోబెట్టింది. రంగులకి డీఓల్డిఫై వాడి చూశాను. జేసన్ ఆంటిక్ అనే ఆయన 2018లో విడుదల చేసిన ఉచిత ప్రోగ్రాం అది. రంగు ఫొటోలని నలుపు తెలుపు చేసి, పోయిన రంగుని ఊహించమని నేర్పారు దానికి. నేర్పడానికి వాడిన ఇమేజ్‌నెట్ అనే ఫొటోల భండారంలో వందకి పైగా కుక్కల జాతులున్నాయి. అయినా టైగర్‌కి తోక దాకా ఒకే చాక్లెట్ రంగు పూసి ఊరుకుంది.

అందుకని ఫోన్ చేసి అడగడం మొదలుపెట్టాను.

"ఎర్ర కుక్కరా అది. నా పక్కనే పడుకునేది, నాకు తెలీదా?" అంది అమ్మ.

"ఎరుపేమిట్రా! వీపంతా నల్లచాయ. మెడ కిందకొచ్చేసరికి తేనె రంగు. రొమ్ము మీద తెల్ల మచ్చ," అన్నాడు మామయ్య.

నలుపు తెలుపు ఫొటో ఈ తగవు పూర్తిగా తీర్చలేదు. అందులో మిగిలేది వెలుగు ఎంతన్నదే. ఇటుక ఎరుపూ, ఆకుపచ్చా ఒకే బూడిద రంగుగా పడొచ్చు. కానీ ఒక ఆధారం దొరికింది. మెట్టు నీడని బట్టి ఎండ పైనుంచి, ఎడమ వైపు నుంచి పడుతోంది. ఎండ తగిలే వీపు పొట్టకన్నా వెలుగ్గా ఉండాలి, ఇక్కడ ముదురుగా ఉంది. అంటే అది నీడ కాదు, బొచ్చు రంగే. మామయ్య నల్లచాయ నిజం. పక్కలకి, కాళ్లకి అమ్మ చెప్పిన ఎరుపు వేస్తే చక్కగా అమరింది.

రంగు వేయడం నేను జింప్ అనే ఉచిత ఫొటో ఎడిటర్‌లో చేశాను. ఒక్కో రంగుకి ఒక్కో లేయరు (ఫొటో మీద విడిగా పరిచే పొర), అది కింది ఫొటోతో కలిసే తీరు, అంటే బ్లెండింగ్ మోడ్, 'కలర్'. అలా పెడితే వెలుగునీడలు పాత ఫొటోవే ఉంటాయి, రంగు మాత్రమే మారుతుంది. బొచ్చుకి ఒకే రంగు పూస్తే బొమ్మకుక్కలా ఉంటుంది. ఎండ పడేచోట పసుపు వైపు, నీడలో కాస్త నీలం వైపు జరపాలి. తెల్ల మచ్చ కూడా ఉత్త తెలుపు కాదు, కింద మట్టి రంగు దాని మీద పడుతుంది. ముక్కుకి, నాలుకకి రంగు చాలా పల్చగా వేయాలి, కొంచెం ఎక్కువైనా లిప్‌స్టిక్ వేసినట్టే.

వాట్సాప్‌లో పంపగానే మామయ్య ఫోన్. "మెడలో పట్టీ తోలుది కాదురా, పచ్చ నైలాన్ తాడు. దూడది తీసి నేనే కట్టాను." లేయర్లు కలిపేయకుండా ఉంచాను కాబట్టి తాడు వెంటనే మారింది. ప్రింటుకి ఇచ్చింది ఆ తర్వాతే. వెనకాల పెన్సిల్‌తో 'రంగులు తర్వాత వేసినవి' అని రాశాను. రంగు వేయనిది కూడా ఒకటి తీయించి ఇచ్చాను. అమ్మ మాత్రం లంగా అంచు రంగు ఇంకా తేలలేదంటోంది. మా పెద్దత్తకి గుర్తుంటుందేమో అడగాలి.