మియోక్‌గుక్ నేర్చుకుంటున్నాను: నాలుగు ఆదివారాల లెక్క

అన్నయ్య వాళ్లు సియోల్‌లో ఉంటారు. నిరుడు వదినకు అక్కడే కాన్పయింది. ఆసుపత్రిలో రోజూ పెట్టింది మియోక్‌గుక్, అంటే సముద్రపు నాచు చారు. మన దగ్గర బాలింతకు కాయం, వెల్లుల్లి కారం ఎలాగో అక్కడ ఇది అలాగ. ఒంట్లో రక్తం పడుతుందని, పాలు పడతాయని నమ్మకం. పుట్టినరోజు పొద్దున కూడా కన్నతల్లిని తలుచుకుంటూ ఇదే తాగుతారట. వచ్చే నెల బాబు మొదటి పుట్టినరోజు హైదరాబాద్‌లో చేస్తున్నాం. ఆ పొద్దున వదినకు నా చేత్తో ఈ చారు పెట్టాలని ఉంది. తను పంపిన 100 గ్రాముల ఎండు మియోక్ ప్యాకెట్‌తో మొదలుపెట్టాను. జపాన్ వాళ్లు వకామే అనేది ఇదే.

మొదటి ఆదివారం తూచకుండా వేశాను. తర్వాత ప్యాకెట్ తూస్తే 30 గ్రాములు తగ్గింది. అరగంటలో గిన్నె దాటి పైకి వచ్చేసింది. సగం పారేయాల్సి వచ్చినందుకు చాలా బాధేసింది.

రెండోసారి వంటింటి త్రాసు పెట్టి సరిగ్గా 10 గ్రాములు తీసుకున్నాను. చన్నీళ్లలో 25 నిమిషాలు నానాక నీళ్లు పిండేసి తూస్తే 90 గ్రాములు దాటింది. ఎండినప్పుడు నల్లగా, నలిగిన చింతాకులా ఉన్నది నీళ్లు తాగి ముదురు ఆకుపచ్చ పట్టీల్లా విచ్చుకుంటుంది. వేళ్ల మధ్య బచ్చలాకులా జారుతుంది. మధ్య ఈనె మాత్రం గట్టి. పది నిమిషాలే ఉడికించడంతో ఆ ఈనె పంటికింద రబ్బరులా సాగింది.

మూడోసారి 40 నిమిషాలు సన్న సెగ మీద ఉంచాను. అసలు తేడా అక్కడే. నీళ్లు పాలపొంగు రంగుకు తిరిగి, చారుకు చిక్కదనం వచ్చింది. కొరియాలో గొడ్డు మాంసం వేస్తారు, తీరప్రాంతాల్లో ఆల్చిప్పలు. నేను తల తుంచి దోరగా వేయించిన ఎండు రొయ్యలు వేశాను, బాగా కుదిరాయి. వాళ్ల నూనె వేయించిన నువ్వులది. మన గానుగ నూనెకు ఆ వాసన రాదు, అందుకని చెంచాడు నువ్వులు వేయించి దంచి చివర్లో కలిపాను. వెల్లుల్లి ఆరు రెబ్బలు, సోయా సాస్ రెండు చెంచాలు. ఉల్లికాడలు వెయ్యరు.

రుచి కంటే నాకు టెన్షన్ పెట్టింది అయోడిన్. నాలుగో శతాబ్దంలోనే చైనా వైద్యుడు గె హాంగ్ గళగండానికి (అయోడిన్ చాలక వచ్చే గొంతు వాపు) సముద్రపు నాచును మద్యంలో నానబెట్టి ఇమ్మన్నాడు. 1811లో ఫ్రాన్స్‌లో కుర్త్వా అనే రసాయన శాస్త్రవేత్త నాచు బూడిదలోనే అయోడిన్‌ను కనిపెట్టాడు. 1820లో జెనీవాలో క్వాందే అనే వైద్యుడు దాన్ని గళగండానికి వాడాడు. అంటే పాతకాలపు వైద్యం పనిచేసినదే. కానీ మనం అయోడిన్ ఉప్పు ఎలాగూ తింటున్నాం. పెద్దలకు రోజుకు 150 మైక్రోగ్రాములు చాలు, పాలిచ్చే తల్లికి 250. ఎండు మియోక్‌లో గ్రాముకు 100కు అటూ ఇటూ ఉంటుంది. కొంబు అనే మరో రకం సముద్రపు నాచులో అయితే 1000 దాటడం మామూలే, అందుకే దాని జోలికి వెళ్లలేదు. నెలల తరబడి మూడు పూటలా తాగితే ఎక్కువైన అయోడిన్ పాల ద్వారా బిడ్డ థైరాయిడ్ మీద కూడా పడుతుంది. వదిన ఇంకా పాలిస్తోంది కాబట్టి ఒక్క గిన్నే, ఒక్క పూటే. అమ్మ థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంది. డాక్టర్‌ను అడిగేదాకా ఆమెకు పెట్టను.

నాలుగోసారి అదే కొలత: 10 గ్రాములు, మూడుసార్లు రుద్ది కడిగి, రెండంగుళాల ముక్కలు, లీటరున్నర నీళ్లు, నలుగురికి. వీడియో కాల్‌లో చూపిస్తే వదిన, "ఉప్పు చివర్న వెయ్యి, నాచులో ముందే ఉంటుంది" అంది. ప్యాకెట్‌లో ఇంకా 40 గ్రాములుంది. గాలి తగలకుండా స్టీలు డబ్బాలో పెట్టాను.