నాలుక ధరించిన వాక్యం

"ఆ వాక్యము శరీరధారియై" (యోహాను 1:14) అన్న మాటను పోయిన ఆదివారం మా సంఘంలో పాఠం చదివిన తమ్ముడు ఒక్క గుక్కలో మింగేశాడు. పక్కనున్న వాళ్లకైనా వినబడిందో లేదో. ఆరాధన ముగిసినా నా కోపం చల్లారలేదు. ఇంటికి నడుస్తుంటే జారా ష్మెలెన్ గుర్తుకొచ్చింది.

జారా నామా స్త్రీ. ఆరెంజ్ నదికి అటూ ఇటూ, నేటి దక్షిణాఫ్రికా, నమీబియాల ఎండు నేలల్లో పశువులు మేపుకొని బతికిన జనం ఆమెది. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జర్మన్ మిషనరీ ష్మెలెన్ ఆమె భర్త. నాలుగు సువార్తలనూ ఇద్దరూ కూర్చుని నామా భాషలోకి తెచ్చారు. పేరు మాత్రం చాలాకాలం ఆయనకే దక్కింది.

ఆ భాషలో నాలుగు రకాల నాలుక చప్పుళ్లున్నాయి. జాలిపడినప్పుడు మనం నాలుకను పళ్లకు తాకించి చేస్తామే, అది ఒకటి. బండెద్దులను అదిలించడానికి బుగ్గలో చేసే చప్పుడు ఇంకొకటి. మనకవి ఉత్త చప్పుళ్లు. వాళ్లకు హల్లులు, ఒకటి మారితే మాటే మారిపోతుంది. ఐరోపా వాళ్లు కొందరు దాన్ని టర్కీ కోళ్ల కూతతో పోల్చారు. ఆ కూతలోకే నా ప్రభువు దిగివచ్చాడు!

శరీరధారి అనగానే అందరికీ పశువుల తొట్టె, పొత్తిగుడ్డలు తోస్తాయి. నాకు నాలుక తోస్తుంది. నాలుకా మాంసమే కదా. బేత్లెహేములో దేహం ధరించిన వాక్యం నామా దేశంలో జారా నాలుకను ధరించింది. పుట్టుకతో వచ్చిన ఆ పలుకు లేనిదే భర్త చదువు ఎంతవరకు సాగేది? మనకూ అంతే. 1812లో సీరాంపూర్‌లో అచ్చయిన తెలుగు సువార్తల వెనుక, విశాఖపట్నంలో అదే సొసైటీ మిషనరీల పక్కన కూర్చున్న ఆనందరాయరు ఉన్నాడు. ఏ క్రిస్మస్‌కైనా ఆయన్ని తలుచుకున్నామా?

సువార్తలను అచ్చు వేయించడానికి భర్తతో కేప్‌టౌన్ వెళ్లిన జారా, 1831లో తిరుగు ప్రయాణంలో దారిలోనే కన్నుమూసింది. తన వాళ్ల మధ్యకు చేరలేదు. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

నేనేమీ తక్కువ తినలేదు. కుర్రతనంలో పాఠం చదువుతూ "పరిహారము"ను "పరిహాసము" చేశాను. చదువురాని ఒక ముసలమ్మ తర్వాత నన్ను పక్కకు పిలిచి, ఆ వచనమంతా కంఠతా చెప్పి, ఆ మాట దగ్గర ఆగి నా ముఖం చూసింది. అంతే, ఇంకేమీ అనలేదు.

తమ్ముడూ, వచ్చే ఆదివారం నీ వంతు లూకా రెండో అధ్యాయం, గొర్రెల కాపరుల భాగం. శనివారం సాయంత్రం మా ఇంటికి రా. టీ తాగి, ఇద్దరం ఒకసారి గట్టిగా చదువుకుందాం.