లెక్క కలిసినా తెమలని రోజు

నేను 18 ఏళ్లుగా బ్యాంకు ఉద్యోగం చేస్తున్నాను. అందులో ఎక్కువ కాలం నగదు కౌంటరులోనే గడిచింది. గత ఏడాది ఒక పింఛన్ల రోజున, ఉదయం నుంచి తరగని వరుసకు తోడు మధ్యాహ్నం రెండుసార్లు సర్వరు ఆగిపోయింది. సాయంత్రం క్యాష్ టాలీ చేసుకునేసరికి 2,000 రూపాయలు తక్కువ వచ్చింది. తక్కువైన సొమ్మును కౌంటరులో కూర్చున్నవాడే కట్టుకోవాలి కనుక కట్టేసి ఇంటికి చేరాను. పరీక్ష కాగితం మీద సంతకం పెట్టమని వచ్చిన మా అబ్బాయి మీద, లెక్కల్లో మార్కులు తగ్గాయన్న సాకుతో ఇల్లు అదిరేలా అరిచాను. నిజానికి వాడికి మరీ అంత తక్కువేమీ రాలేదు. తగ్గింది నా క్యాషు.

ఆ అరుపు వెనుక ఉన్నది రోజంతా పేరుకున్న ఒత్తిడి. వీధికుక్క వెంటపడినప్పుడు అడ్రినలిన్, కార్టిసాల్ వంటి హార్మోన్లు విడుదలై గుండె వేగం, రక్తపోటు, రక్తంలో చక్కెర పెరుగుతాయి. పరుగెత్తి తప్పించుకున్నాక శరీరం మెల్లగా సర్దుకుంటుంది. కౌంటరు ముందరి వరుస నుంచి అలా పరుగెత్తలేము, అది మర్నాడు మళ్లీ వస్తుంది. అందుకే మా ఒత్తిడి పెద్దదిగా కాక, ఎప్పటికీ తెమలనిదిగా ఉంటుంది.

పెద్ద కుర్చీలో ఉన్నవారికే ఒత్తిడి ఎక్కువని మనలో చాలామంది నమ్ముతాము. లండన్‌లోని ప్రభుత్వోద్యోగులపై 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనంలో మాత్రం, గుండెజబ్బుతో చనిపోయే ప్రమాదం పై అధికారులకన్నా కింది తరగతి ఉద్యోగులలోనే ఎక్కువగా కనిపించింది. పొగ తాగడం, రక్తపోటు వంటి కారణాలను లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పూర్తిగా పోలేదు. పని బరువు ఎక్కువై, ఆ పనిని ఎలా చేయాలో నిర్ణయించే స్వేచ్ఛ తక్కువైనప్పుడే ఉద్యోగి ఎక్కువగా నలిగిపోతాడని 1979లో రాబర్ట్ కరాసెక్ అనే అమెరికన్ పరిశోధకుడు వివరించాడు. ఈ మాట చదివినప్పుడు నా కౌంటరే కళ్లముందు మెదిలింది. వరుస నా చేతిలో లేదు, సర్వరు నా చేతిలో లేదు, టార్గెట్లు అసలే నా చేతిలో లేవు. అయితే నా చేతిలో ఏముందో వెతుక్కోవాలని అప్పుడు అనిపించింది.

మొదట దొరికింది ఒక చిన్న నోటుపుస్తకం. బ్యాంకులో డే ఎండ్ చేయకుండా, అంటే ఆ రోజు పద్దులు మూసేయకుండా ఎవరూ ఇంటికి వెళ్లరు, కానీ నా బుర్రలోని పద్దులను మాత్రం తెరిచి ఉంచే వెళ్లేవాడిని. ఇప్పుడు బయలుదేరే ముందు 5 నిమిషాలు కూర్చుని, మిగిలిపోయిన పనులనూ రేపు మొదట పట్టుకోవలసిన పనినీ రాస్తాను: "కేవైసీ కాగితాలు తీసుకురమ్మని ఫలానా ఖాతాదారుకు ఫోను", "లాకరు తాళంచెవి విషయం మేనేజరుగారిని అడగాలి" అన్నంత వివరంగా. అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయంలో 57 మంది యువకులు, యువతులతో చేసి, 2018లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, పడుకునే ముందు 5 నిమిషాలు చేయవలసిన పనులను రాసుకున్నవారు, చేసేసిన పనులను రాసినవారికన్నా సుమారు 9 నిమిషాలు ముందుగా నిద్రపోయారు. చిన్న ప్రయోగమే కనుక దాని మీద పెద్ద మేడలు కట్టను. నాకు మాత్రం రాత్రి రెండింటికి మెలకువ వచ్చి లాకరు తాళంచెవి గుర్తుకు రావడం తగ్గింది.

రెండవది నడక. మెట్రోలో కూకట్‌పల్లి వరకు రాకుండా బాలానగర్‌లోనే దిగి, లోపలి వీధుల గుండా 25 నిమిషాలు నడిచి ఇల్లు చేరుతున్నాను. ఇదేమీ పార్కులో నడక కాదు. దుమ్ము, హారన్లు, మిర్చి బజ్జీల వాసన అన్నీ ఉంటాయి. పెద్దవారికి వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. వారానికి ఆరు రోజులు నడిస్తే అది సరిపోతుంది. రెండో, నాలుగో శనివారాలు మాకు సెలవు కనుక ఆ వారాలలో కొంత తగ్గుతుంది. వ్యాయామం మాట అలా ఉంచితే, ఉద్యోగిని వదిలి నాన్నగా మారడానికి నాకు ఆ మాత్రం దూరం అవసరమని తెలిసింది.

సాయంత్రం ఆరింటి టీ మానేశాను. తాగిన కెఫీన్‌లో సగం శరీరం నుంచి పోవడానికే దాదాపు 5 గంటలు పడుతుంది. వరుసలో ఎవరైనా గొంతు పెంచినప్పుడు, జవాబు చెప్పేముందు ఊపిరిని పీల్చినదానికన్నా నెమ్మదిగా నాలుగైదుసార్లు వదులుతాను. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కొద్దిగా తగ్గుతుంది కనుక ఇది ఉత్త సముదాయింపు కాదు.

ఇంతా చెప్పి, ఒత్తిడి అంతా ఉద్యోగే తగ్గించుకోవాలంటే మాత్రం నేను ఒప్పుకోను. పనిభారాన్ని అలాగే ఉంచి, ఏడాదికి ఒకసారి గంటసేపు యోగా శిబిరం పెట్టి ఫోటోలు తీసుకోవడం కంటితుడుపే. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా బర్నవుట్‌ను, అంటే పనితో పూర్తిగా అలసి డీలాపడిపోవడాన్ని, జబ్బుగా కాక, అదుపు చేయని పని ఒత్తిడి వల్ల కలిగే వృత్తిపరమైన పరిస్థితిగానే వర్గీకరించింది. అందుకే మేము నలుగురం కలిసి మేనేజరుగారిని రెండు విషయాలు అడిగాము: పింఛన్ల రోజుల్లో రెండో కౌంటరు తెరవాలని, రాత్రి ఎనిమిది దాటాక వాట్సాప్ గ్రూపులో టార్గెట్ల సందేశాలు పెట్టవద్దని. అడగడానికి నాకు మూడు వారాల ధైర్యం పట్టింది.

ఇవేవీ పనిచేయని దశ కూడా ఉంటుంది. మా సహోద్యోగి ఒకరికి వారాల తరబడి నిద్ర, ఆకలి తగ్గి, ఉదయం శాఖ మెట్లు ఎక్కాలంటేనే భయం వేసేది. అలాంటప్పుడు నడక, నోటుపుస్తకం చాలవు. ఆయన డాక్టరును కలిశారు. ఆ గడప తొక్కడానికి జంకేవారు 14416కు ఫోను చేయవచ్చు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఈ టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ సేవ ఉచితం, రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

మొన్నటి పింఛన్ల రోజున రెండో కౌంటరు తెరిచారు. క్యాషు మొదటిసారికే కలిసింది. వాట్సాప్ గ్రూపు విషయం ఇంకా చర్చలోనే ఉంది. నిన్న రాత్రి తొమ్మిదింబావుకు కూడా ఒక టార్గెట్ల పట్టిక వచ్చింది, దాన్ని ఈ ఉదయం పదింటికి తెరిచాను.