మైనం పూసిన కోర్ ముక్క

కోరాపుట్‌లో బాక్సైట్ శాతాల లెక్కలకు అలవాటు పడిన నాకు, పశ్చిమ ఆస్ట్రేలియాలోని బాడింగ్టన్‌లో తవ్విన లేటరైట్ (శిథిలమై ఏర్పడిన ఎర్రని రాతి పొర) బంగారం వంటి నిక్షేపాలను అంచనా వేసే పద్ధతి ఈ మధ్య శిక్షణలోనే పరిచయమైంది. గోటితో గీస్తే రాలిపోయే మన శిథిల శిల కోర్ ముక్కనే (డ్రిల్లింగ్‌లో బయటికి తీసిన స్తంభాకార రాతి నమూనా) 105 డిగ్రీల వద్ద ఆరబెట్టి, కరిగించిన మైనం పూసి, నీటిలో వేలాడదీసి తూచితే సాంద్రత ఘనపు మీటరుకు 1.7 టన్నులు మాత్రమే వచ్చింది. గట్టి రాతికి వేసే 2.7నే దీనికీ వేస్తే, టన్నుకు 1.5 గ్రాముల చొప్పున 10 లక్షల ఘనపు మీటర్లలో 1,500 కిలోల లేని బంగారం కాగితం మీద పుట్టుకొస్తుంది! గ్రేడ్, అంటే టన్నుకు ఎంత బంగారం ఉందన్న లెక్క, ఇంకా మొండిది. ఒక్క నమూనాలో పడిన ముతక బంగారు రేణువు చుట్టుపక్కల బ్లాకులన్నింటినీ (అంచనా కోసం నిక్షేపాన్ని విభజించిన గడులు) సంపన్నంగా చూపిస్తుంది కనుక, మరీ పెద్ద విలువలకు ఒక గరిష్ఠ పరిమితి విధిస్తారు. ఆ పరిమితి ఎంత ఉండాలన్న వాదన మాలో ఇంకా తెగలేదు. నేను మాత్రం తక్కువ వైపే ఉన్నాను.