కట్ట మీద క్లాసు

వాటర్ రీసెర్చ్ కోఆర్డినేటర్ అంటే నీళ్ల పని అనుకున్నాను. ఏడాదిగా చేస్తున్నది ఎక్కువగా ఫోన్ల పనే. సివిల్ వాళ్లకు ల్యాబ్ ఉన్న రోజే జియాలజీ వాళ్లకు పరీక్ష. ఒక్క బస్సుకు మూడు సంతకాలు!

ఎట్టకేలకు నిన్న అందరినీ కడప జిల్లా పోరుమామిళ్ల చెరువుకు తీసుకెళ్లాను. బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించిన చెరువు. వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పని అని 1369 నాటి శాసనం చెబుతుంది. మంచి చెరువుకు కావాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు కూడా అందులోనే ఉన్నాయి. కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల... మూడోది పిల్లలకు చెబుతుంటే నాకే నవ్వాగలేదు. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండకూడదట. మా సెంటర్ ఉన్నది సరిగ్గా రెండు డిపార్ట్‌మెంట్ల మధ్యే మరి!

తిరుగు దారిలో ఒక బావి దగ్గర ఆగాం. స్టీలు టేపుకు సుద్ద రాసి లోపలికి వదలడం, సుద్ద తడిసిన గీత చూసి నీటిమట్టం లెక్కగట్టడం. మా ఎంటెక్ కుర్రాడు టెన్షన్‌లో రెండుసార్లు తప్పు చదివాడు. గట్టున కూర్చున్న పెద్దాయన "ఆరు బారలు ఉంటాది నాయనా" అన్నాడు. బారంటే సుమారు ఆరడుగులు. మూడోసారి 37 అడుగులు వచ్చింది.

వచ్చే ట్రిప్‌కు ఆయన్నీ పిలవాలి. దానికి సంతకం ఎవరిదో కనుక్కోవాలి.